రొనాల్డ్ న్గాలా, కెన్యా ప్రాంతీయ స్వపాలన: కట్టింది ఎలా, కూల్చింది ఎలా?

చరిత్రబాట:
కెన్యా స్వాతంత్ర్యం అనగానే మొదటి అధ్యక్షుడు కెన్యాట్టా, ఆయనతో నడిచిన ఒడింగా, ఎంబోయా పేర్లు వస్తాయి. కోస్తా నాయకుడు రొనాల్డ్ న్గాలా ప్రస్తావన వస్తే మాత్రం రెండే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, తెల్ల భూస్వాముల మాట విని దేశాన్ని ముక్కలు చేయబోయాడని. రెండోది, ఇవాళ్టి 47 కౌంటీల పాలనకి ఆద్యుడని. ఈ రెండు ముద్రలూ పక్కన పెట్టి అసలు జరిగింది మాట్లాడుకుందాం. 1963లో కెన్యాకి ఏడు ప్రాంతాలు, వాటికి శాసనసభలు, పైన సెనేట్, సవరించడానికి వీల్లేనంత గట్టి రాజ్యాంగం ఉన్నాయి. ఏడాదిన్నరకే అందులో పస పోయింది. అంత గట్టిగా రాసుకున్నది అంత త్వరగా ఎలా పోయింది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

తీరరేఖ:
మనిషి దగ్గర మొదలుపెడదాం. న్గాలా 1923 ప్రాంతంలో కోస్తా మీద, కిలిఫి వైపు పుట్టారు. గిరియామా జాతి. గిరియామాతో పాటు దగ్గరి బంధుత్వం ఉన్న మొత్తం తొమ్మిది జాతుల్ని కలిపి మిజికెండా అంటారు. అలయన్స్ హైస్కూల్లో చదివి, ఉగాండాలోని మకెరెరేలో ఉపాధ్యాయ డిప్లొమా తీసుకుని, బడిపంతులుగా, హెడ్‌మాస్టరుగా చేశారు. మొంబాసా పురపాలక మండలిలో సభ్యుడిగా ఉండి అక్కణ్నుంచి రాజకీయాల్లోకి వచ్చారు.

ఆ ప్రాంతపు నేపథ్యం తెలియకపోతే ఆయన పట్టు అర్థం కాదు. 1913–14లో బ్రిటిష్‌వాళ్లు గుడిసె పన్ను, కూలి సరఫరా అంటూ మీదపడితే గిరియామాలు తిరగబడ్డారు. మెకటిలిలి వా మెంజా అనే మహిళ ఊరూరా తిరిగి జనంతో ప్రమాణాలు చేయించింది. అంతకుముందే, 1908 భూహక్కుల చట్టం కింద తీరపు నేలని వ్యక్తుల పేర పట్టాలు చేశారు. పట్టాలు ఎక్కువగా అరబ్, స్వాహిలీ, భారతీయ కుటుంబాలకి వెళ్లాయి. కాయితం లేని మిజికెండా రైతు తాను పెంచిన కొబ్బరి, జీడిమామిడి చెట్ల కిందే పట్టా లేని ఆక్రమణదారుగా మిగిలాడు. న్గాలా రాజకీయమంతా ఈ భూమి గొడవ మీద నిలబడింది. నైరోబీ చేతికి భూమి పోతే మళ్లీ ఇంకెవరి పేరునో పట్టా అవుతుందన్నది కోస్తా జనం భయం. అది ఊహించుకున్న భయం కాదు.

రాజ్యాంగదర్పణం:
తీరరేఖ గారి తర్వాత తేదీలు నేను అందుకుంటాను.

1957 మార్చిలో ఆఫ్రికన్లు తొలిసారి లెజిస్లేటివ్ కౌన్సిల్‌కి ఎన్నికయ్యారు, ఎనిమిది మంది. కోస్తా నుంచి న్గాలా, రిఫ్ట్ వ్యాలీ నుంచి మోయి, నైరోబీ నుంచి ఎంబోయా, సెంట్రల్ న్యాంజా నుంచి ఒడింగా, నార్త్ న్యాంజా నుంచి ములిరో. ఎనిమిది మందీ ఒక్క మాట మీద నిలబడి, ఇస్తామన్న మంత్రి పదవులు వద్దన్నారు. మరుసటి ఏడాది ఆఫ్రికన్ సీట్లు 14 అయ్యాయి. 1960 జనవరిలో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో మొదటి రాజ్యాంగ సమావేశం జరిగింది. దానికి వెళ్లిన ఆఫ్రికన్ సభ్యుల బృందానికి నాయకుడు న్గాలాయే, కార్యదర్శి ఎంబోయా. “వేర్పాటువాది” అనే ముద్ర వేసేముందు ఇది చూడాలి. అప్పటికి ఆయన అందరికీ ఆమోదయోగ్యుడు.

1960 మేలో కియాంబూలో కానూ (కెన్యా ఆఫ్రికన్ నేషనల్ యూనియన్) పార్టీ పుట్టింది. న్గాలాని కోశాధికారిగా, మోయిని సహాయ కోశాధికారిగా ఎన్నుకున్నారు, ఇద్దరూ అక్కడ లేకుండానే. ఇద్దరూ ఆ పదవులు తీసుకోలేదు. జూన్ 25న ఎన్‌గోంగ్‌లో కాడూ (కెన్యా ఆఫ్రికన్ డెమోక్రటిక్ యూనియన్) పార్టీ పెట్టారు. న్గాలా నాయకుడు, ములిరో ఉపనాయకుడు, మోయి ఛైర్మన్.

ప్రశ్నల_పుట్ట:
పదవి ఇస్తే ఎందుకు వద్దన్నారు? లోపల ఉండి పోరాడి ఉంటే ఇంకా బలం ఉండేది కదా?

రాజ్యాంగదర్పణం:
లెక్క చూడండి. 1962 జనగణనలో కెన్యా జనాభా 86 లక్షలు. అందులో కికుయూలు అటూఇటూగా 19 శాతం, లువోలు 13 శాతం. ఈ రెండు జాతులే కానూకి మూలస్తంభాలు. ఒక మనిషికి ఒక ఓటు, ఒకే కేంద్రం అన్నప్పుడు మిజికెండా, కలెంజిన్, మాసాయి లాంటివాళ్లు ఎన్నటికీ గెలవలేని మైనారిటీలు. పైగా వాళ్ల దగ్గర ఉన్నది ఇతరులకి కావలసినదే: రిఫ్ట్ వ్యాలీలో తెల్లవాళ్లు వదిలిపోబోయే సాగుభూమి, కోస్తాలో ఓడరేవు, తీరపు నేల. కోశాధికారి పదవి ఈ భయానికి జవాబు కాదు.

కాడూ మొదటినుంచీ ఒక్క పార్టీగా పుట్టింది కాదు. న్గాలా కోస్తా సంఘం, మోయి, టోవెట్‌ల కలెంజిన్ కూటమి, మాసాయి ఫ్రంట్, ములిరో పార్టీ, సోమాలీ సంఘం కలిసి ఒక గొడుగు కిందకి వచ్చాయి. ఈ అతుకులు తర్వాత ఎక్కడ విడిపోయాయో కింద ఎవరైనా రాస్తారనుకుంటాను.

ఎర్రమట్టి:
అసలు విషయం దాటేస్తున్నారు. 1961 ఎన్నికల్లో ఓట్లలో కానూకి 67 శాతం, కాడూకి 16 శాతం. ఏ జాతికీ కేటాయించని జనరల్ సీట్లు 33లో కానూకి 19, కాడూకి 11. అయినా ప్రభుత్వం నడిపింది న్గాలా. బ్రిటిష్‌వాళ్ల నిర్బంధంలో ఉన్న కెన్యాట్టాని విడుదల చేసేదాకా ప్రభుత్వంలో చేరం అని కానూ భీష్మించింది. గవర్నర్ రెనిసన్ ఆ సందు చూసి కాడూని కూర్చోబెట్టాడు. తెల్లవాళ్ల నాయకుడు మైకేల్ బ్లండెల్ పెట్టిన న్యూ కెన్యా పార్టీ, కెన్యా ఇండియన్ కాంగ్రెస్ మద్దతు ఇచ్చాయి. చాలకపోతే గవర్నర్ నామినేటెడ్ సభ్యుల్ని దించి మెజారిటీ చేశాడు. ప్రాంతీయ పాలన పథకం అప్పుడే, 1961లోనే, బయటికి వచ్చింది. తెల్లవాళ్ల పార్టీ పక్కన కూర్చున్నాకే న్గాలాకి ఫెడరలిజం గుర్తొచ్చిందంటే ఏమనాలి?

తీరరేఖ:
ఎర్రమట్టి గారూ, మీ అంకెలు సరైనవే, వాటినుంచి తీసిన తీర్పుతోనే పేచీ. బ్లండెల్, హేవ్‌లాక్ లాంటి తెల్ల నాయకులు ఆ పథకానికి రూపం ఇవ్వడంలో చేయి వేశారు, కాదనలేం. స్విట్జర్లాండ్ నుంచి జెల్‌వెగర్ అనే రాజ్యాంగ నిపుణుడు సలహాదారుగా వచ్చాడు. స్విస్ క్యాంటన్ల పోలికలు అక్కణ్నుంచే. రాతలో వాళ్ల చేయి ఉండొచ్చు. కోరిక మాత్రం కోస్తా జనానిది, రిఫ్ట్ వ్యాలీ జనానిది. 1963 మేలో సార్వత్రిక ఓటు హక్కుతో ఎన్నికలు జరిగితే కాడూ దేశంలో ఓడింది. అయినా కోస్ట్, రిఫ్ట్ వ్యాలీ, వెస్టర్న్ ప్రాంతీయ సభలు మూడూ దానికే వచ్చాయి. ఆ ఓట్లు తెల్లవాళ్లు వేసినవి కావు.

ఇంకో సంగతి. కోస్తాలో స్వపాలన అడిగినవాళ్లు ఇద్దరు. సముద్రం ఒడ్డునుంచి పది మైళ్ల లోతున తీరపట్టీ లెక్కప్రకారం జాంజిబార్ సుల్తాన్‌ది. 1895 ఒప్పందం కింద బ్రిటన్ ఏటా 11,000 పౌండ్ల కౌలు, దానితోపాటు 6,000 పౌండ్ల వడ్డీ కట్టి పాలించేది. ఈ పట్టీ కెన్యాలో కలవకుండా విడిగా ఉండాలని అరబ్, స్వాహిలీ పెద్దలు ఉద్యమం నడిపారు. దాన్ని ఎంవాంబావో (స్వాహిలీలో తీరం) అంటారు. న్గాలా దీనికి పూర్తిగా అడ్డం నిలిచారు. పట్టీ విడిపోతే మొంబాసా రేవు, తీరపు భూమి పట్టాదారుల చేతిలోనే శాశ్వతంగా ఉండిపోతాయి, లోపలి ఊళ్ల మిజికెండా చేతికి ఏమీ రాదు. అందుకే పట్టీ, లోపలి నేల కలిపి ఒకే కోస్తా ప్రాంతం, అది కెన్యాలోనే ఉండాలి అన్నది ఆయన వాదన. 1961లో వచ్చిన రాబర్ట్‌సన్ కమిషన్ కూడా పట్టీని కెన్యాలో కలపమనే చెప్పింది. 1963 అక్టోబరులో సుల్తాన్ హక్కు వదులుకున్నాడు. ముస్లింల వ్యక్తిగత వ్యవహారాలు చూసే ఖాజీ కోర్టులు కొనసాగించాలన్నది ఆ ఒప్పందంలోని షరతు, ఇవాళ్టికీ అవి కెన్యా రాజ్యాంగంలో ఉన్నాయి. వేర్పాటుకి ఎదురు నిలిచిన మనిషిని వేర్పాటువాది అనడం ఎలా కుదురుతుంది?

ఎర్రమట్టి:
ఎంవాంబావో విషయంలో ఒప్పుకుంటాను. కానీ 1963 అక్టోబరులో లండన్ మూడో సమావేశంలో మాట పోతోందనుకోగానే దేశాన్ని విడగొడతాం అని బెదిరించింది కాడూయే.

తీరరేఖ:
బెదిరించింది. అక్కడే ఎక్కువ నష్టపోయింది కూడా. ఆ బెదిరింపుతో లండన్‌లో మిగిలిన కాస్త సానుభూతి పోయింది. బ్రిటిష్ మంత్రి డంకన్ శాండీస్ మెజారిటీ పార్టీ వైపు తిరిగాడు. రెండు నెలల్లో వెళ్లిపోయేవాడు, పాలించబోయేవాడితో తగువు పెట్టుకోడు.

లెక్కలచిట్టా:
మజింబో (స్వాహిలీలో ప్రాంతాలు) అని పిలిచే ఆ ప్రాంతీయ పాలన వ్యవస్థ లోపల ఏముందో చూడకుండా వాదన ముందుకు సాగదు. 1962 ఫిబ్రవరి 14 నుంచి ఏప్రిల్ 6 దాకా జరిగిన రెండో లాంకాస్టర్ సమావేశంలో చట్రం ఒప్పుకున్నారు. వెంటనే సంకీర్ణ ప్రభుత్వం వచ్చింది. రాజ్యాంగ వ్యవహారాలు కెన్యాట్టా, న్గాలా ఇద్దరికీ చెరిసగం పంచారు. ఒకే బల్లకి అటూఇటూ కూర్చుని ఏడాది పాటు వాక్యం వాక్యం కొట్లాడుకున్నారు.

బయటపడ్డ రూపం ఇది: ఏడు ప్రాంతాలు, విడిగా నైరోబీ. ప్రతి ప్రాంతానికి ఎన్నికైన సభ, ఆ సభకి అధ్యక్షుడు, కింద సివిల్ సెక్రటరీ అనే పెద్ద అధికారి. భూమి, స్థానిక సంస్థలు, ప్రాథమిక విద్య, వైద్యంలో ఎక్కువ భాగం, వ్యవసాయ సేవలు ప్రాంతాలవి. మొదటి ముసాయిదాలో పోలీసులకీ ప్రాంతీయ విభాగాలున్నాయి, ఉద్యోగ నియామకాలకి ప్రాంతీయ కమిషన్లున్నాయి. పైన ప్రతినిధుల సభలో 129 మంది: 117 నియోజకవర్గాలు, 12 మంది ప్రత్యేకంగా ఎన్నికైనవాళ్లు. సెనేట్‌లో 41 మంది, 40 జిల్లాలకి ఒక్కొక్కరు, నైరోబీకి ఒకరు.

సవరణ లెక్క ముఖ్యం. మామూలు క్లాజు మార్చాలంటే రెండు సభల్లో 75 శాతం. ప్రాంతాలు, భూమి, హక్కుల్లాంటి ప్రత్యేక రక్షణ ఉన్న క్లాజులకి కింది సభలో 75 శాతం, సెనేట్‌లో 90 శాతం. కింది సభలో 129కి 75 శాతమంటే 97 ఓట్లు. సెనేట్‌లో 41కి 90 శాతమంటే 37. అంటే సెనేట్‌లో ఐదుగురు అడ్డం నిలబడితే చాలు, ఏ ప్రభుత్వమైనా ఆగిపోవాలి. 1963లో కాడూకి సెనేట్‌లో 16 మంది ఉన్నారు. కింది సభలో కానూకి 83, కాడూకి 33, కానూ నుంచి చీలిన పాల్ న్గేయి పార్టీకి 8. కాయితం మీద న్గాలా కోట చెక్కుచెదరదు.

ప్రశ్నల_పుట్ట:
ఐదుగురు చాలు, 16 మంది ఉన్నారు. మరి ఎలా పడిపోయింది?

పటాలపెట్టె:
దానికి ముందు సరిహద్దుల సంగతి ఒకటి ఉంది, లోపలినుంచి మొదలైన పగులు అదే. 1962లో ఫోస్టర్-సటన్ అధ్యక్షతన సరిహద్దుల కమిషన్ వేశారు. ఎవరు ఎవరితో కలిసి ఉంటామంటున్నారో జనాన్ని అడిగి గీతలు గీయాలన్నది సూత్రం. వినడానికి బాగుంటుంది. ఒకే ఊరిని ఇద్దరడిగితే ఆ సూత్రం పనిచేయదు.

కిటాలె పట్టణం అలాంటిదే. ట్రాన్స్ న్జోయియాలో తెల్లవాళ్ల పొలాల మధ్య ఊరు. పశ్చిమంలోని బుకుసులు అది తమ ప్రాంతపు రాజధాని కావాలన్నారు. వాళ్ల నాయకుడు ములిరో. కలెంజిన్‌లు అది రిఫ్ట్ వ్యాలీదే అన్నారు. వాళ్ల నాయకుడు మోయి. కమిషన్ దాన్ని రిఫ్ట్ వ్యాలీలో ఉంచింది. ఇద్దరూ న్గాలాకి కుడిఎడమల కూర్చునే మనుషులు! ప్రాంతాల హక్కు కోసం పుట్టిన పార్టీకి రెండు ప్రాంతాల మధ్య తగువు తీర్చే పద్ధతి లేకపోయింది. కాడూ విరగడం అక్కడ మొదలైంది.

ఈశాన్యం ఇంకో కథ. కమిషన్ ఆరు ప్రాంతాలు, నైరోబీ చాలన్నది. సోమాలీలు మాత్రం సోమాలియాలో కలుస్తామన్నారు. 1963 మార్చిలో శాండీస్ వాళ్లకి ఏడో ప్రాంతం ప్రకటించాడు. సోమాలియా ఆ నెలలోనే బ్రిటన్‌తో సంబంధాలు తెంచుకుంది. ఈశాన్యంలో ఎన్నికలు బహిష్కరించారు, తర్వాత షిఫ్టా యుద్ధం అనే సోమాలీల తిరుగుబాటు 1967 దాకా నడిచింది. ఏడు ప్రాంతాల్లో ఒకటి మొదటిరోజునుంచే ఖాళీ. సెంట్రల్, న్యాంజా, ఈస్టర్న్ సభల్లో ఉన్నవాళ్లకి కేంద్రంలో తమవాళ్లే ఉండగా ప్రాంతీయ అధికారం అక్కర్లేదు. ఇక మిగిలినవి మూడు.

లెక్కలచిట్టా:
ఇప్పుడు ప్రశ్నల_పుట్ట గారి ప్రశ్నకి జవాబు. పతనం సవరణ ఓటుతో మొదలవలేదు. ఓటు చివర్లో వచ్చింది. వరసగా చూడండి.

మొదట పోయింది ఉద్యోగుల మీద పట్టు. 1963 సెప్టెంబరు–అక్టోబరు సమావేశంలో కానూ ఈ విషయంలో రెండు అడిగింది, రెండూ సంపాదించింది: ప్రాంతీయ నియామక కమిషన్ల బదులు దేశానికంతటికీ ఒకే పబ్లిక్ సర్వీస్ కమిషన్, పోలీసులకి ఒకే ఇన్‌స్పెక్టర్ జనరల్. బయటికి ఇవి చిన్న పరిపాలన మార్పులు. కానీ మొంబాసాలోని సివిల్ సెక్రటరీకి బదిలీ, ప్రమోషన్ నైరోబీ చేతిలో ఉన్నప్పుడు ఆయన న్గాలా ఫైలు ముందు చూస్తాడా, నైరోబీ ఫైలు ముందు చూస్తాడా? జిల్లాల్లో రీజినల్ గవర్నమెంట్ ఏజెంట్లు అనే పేరు పెట్టారు గానీ, పాత డిస్ట్రిక్ట్ కమిషనర్ కుర్చీ, పాత అలవాటు, పాత పైఅధికారి.

అదే సమావేశంలో ఇంకో తలుపు తెరిచారు. మామూలు క్లాజులకి పార్లమెంటులో 75 శాతం రాకపోతే ప్రజాభిప్రాయ సేకరణకి వెళ్లి మూడింట రెండు వంతుల ఓట్లతో మార్చొచ్చు. అదే కెన్యాట్టా చేతిలో ఆయుధం అయింది.

తర్వాత డబ్బు. ప్రాంతాలకి సొంత వసూళ్లు తక్కువ, కేంద్రం ఇచ్చే వాటా మీదే బతకాలి. పెద్ద ఆదాయం కస్టమ్స్‌ది. కోస్తా ప్రాంతంలో తూర్పు ఆఫ్రికాకే పెద్ద రేవు ఉంది, కానీ రేవు, రైల్వే కెన్యా, ఉగాండా, టాంగన్యికా మూడింటి ఉమ్మడి సంస్థవి. అక్కడ దిగే సరుకు మీద న్గాలా సభకి పైసా హక్కు లేదు. కేంద్రం శాఖల్ని, నిధుల్ని అప్పగించడం వాయిదాల మీద వాయిదాలు వేసింది. బడి, ఆసుపత్రి ప్రాంతానివే, జీతం చెక్కు మాత్రం నైరోబీ నుంచి రావాలి. ఇంటి తాళంచెవి మనకిచ్చి వంటసామాను పక్కింట్లో పెట్టుకున్నట్టు.

ఇక సభ్యులు. నియోజకవర్గానికి రోడ్డు, ప్రభుత్వం పొలాలు కొని పంచే సెటిల్‌మెంట్ స్కీములో భూమి, మంత్రి పదవి, అన్నీ కేంద్రం దగ్గరే. 1963 సెప్టెంబరులో న్గేయి పార్టీ మొత్తం కానూలో కలిసింది. 83కి 8 కలిపితే 91. 97కి ఇంకా ఆరుగురు. కాడూ సభ్యులు ఒకరి తర్వాత ఒకరు అటు వెళ్లారు. గెలిచాక పార్టీ మారితే సీటు పోవాలనే నిబంధన ఆ రాజ్యాంగంలో లేదు. 37 మంది సెనేటర్లు కావాలని రాసిపెట్టారు గానీ, ఆ సెనేటర్లు ఎటు ఉండాలో కట్టడి చేసేది ఏమీ రాయలేదు. నా దృష్టిలో మొత్తం పథకంలో అతి పెద్ద లోపం ఇదే.

రాజ్యాంగదర్పణం:
ముగింపు నేను చెబుతాను. 1964 ఆగస్టులో కెన్యాట్టా రిపబ్లిక్ ప్రతిపాదన తెచ్చారు, ప్రాంతాల అధికారాల కోత దానిలోనే ఉంది. పార్లమెంటులో ఓట్లు రాకపోతే ప్రజాభిప్రాయ సేకరణకి వెళ్తామన్నారు. 1964 నవంబరు 10న న్గాలా సభలో లేచి కాడూని రద్దు చేస్తున్నామని, సభ్యులందరూ ప్రభుత్వ పక్షంలో చేరుతున్నామని ప్రకటించారు. డిసెంబరు 12న కెన్యా రిపబ్లిక్ అయింది.

తర్వాతి విడతలు తేలికగా సాగిపోయాయి. 1964 చట్టాలతో ప్రాంతాలకి సొంత ఆదాయ హక్కు పోయింది. 1965లో ప్రాంతాలు ప్రావిన్సులయ్యాయి, ప్రాంతీయ సభలు ప్రొవిన్షియల్ కౌన్సిళ్లయ్యాయి, సవరణకి కావలసిన ఓటు 65 శాతానికి దిగింది. 1966 చివర్లో చేసిన సవరణతో సెనేట్‌ని కింది సభలో కలిపేశారు. సెనేటర్లు అభ్యంతరం చెప్పకుండా 41 కొత్త నియోజకవర్గాలు గీసి, వాళ్లందరికీ కింది సభలో సీట్లిచ్చారు. 117 కాస్తా 158 అయ్యాయి. తమ సభని తామే రద్దు చేసుకోవడానికి ఎవరూ వెనకాడలేదు. 1968లో కౌన్సిళ్లు కూడా పోయాయి. మిగిలింది ప్రొవిన్షియల్ కమిషనర్, అంటే వలసపాలన నాటి వరస.

ఎర్రమట్టి:
ఇందులో న్గాలా బాధ్యత ఎక్కడ? పార్టీ నాయకుడే లేచి రద్దు అన్నాడు. 33 మందిలో పదిమందితోనైనా ప్రతిపక్షంలో కూర్చుని ఉంటే, కెన్యాలో ప్రతిపక్షమనేది బతికి ఉండేది. 1966లో మంత్రి పదవి తీసుకున్నారు, సహకార శాఖ. చివర్లో విద్యుత్తు, కమ్యూనికేషన్ల శాఖ. కానూలో కోస్తా ఉపాధ్యక్షుడూ అయ్యారు.

తీరరేఖ:
ఆ ప్రశ్న న్యాయమైనదే. నేనూ ఆయన్ని పూర్తిగా వెనకేసుకు రాలేను. సెనేట్ గోడ అప్పటికే కూలిందని ఆయనకి తెలుసు. ప్రజాభిప్రాయ సేకరణకి వెళ్తే కోస్తాలో, రిఫ్ట్ వ్యాలీలో రక్తం చిందే ప్రమాదం ఉంది. మోయి మనసు అప్పటికే అటు మళ్లింది, ఆయన బయల్దేరితే కలెంజిన్ ఓట్లన్నీ వెళ్తాయి. కోస్తా ఒక్కటీ నిలబడి ఏం చేస్తుంది? లోపలికి వెళ్లి కోస్తాకి కొంతైనా తెచ్చుకుందామనుకున్నారు. తెచ్చింది ఏమిటని చూస్తే నిరాశే. తీరపు పట్టాల సమస్య ఆయన మంత్రిగా ఉన్నన్నాళ్లూ కదల్లేదు. కిలిఫి, క్వాలెల్లో పట్టా లేని ఆక్రమణదారులుగా ఉన్న కుటుంబాల గొడవ ఈనాటికీ నడుస్తోంది. కానీ ప్రతిపక్షం లేకుండా పోయిన నేరాన్ని ఆయన ఒక్కడి మీద వేయడం సరికాదు. రెండేళ్లకే ఒడింగా బయటికి వచ్చి పార్టీ పెట్టారు, 1969లో దాన్ని నిషేధించారు. కూర్చునే చోటు ఎవరికీ మిగల్లేదు.

గోదారిగట్టు:
1990ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1991లో రిఫ్ట్ వ్యాలీలో కానూ నాయకులు మజింబో సభలు పెట్టి, బయటి జాతులవాళ్లు వెళ్లిపోవాలన్నారు. ఆ వెంటనే గొడవలు మొదలయ్యాయి, వేలమంది ఇళ్లు వదిలి పారిపోయారు. 1997లో కోస్తాలో లికోనిలోనూ అదే. ఆ రోజుల్లో మజింబో అన్న మాటే భయం పుట్టించేది. న్గాలా ఆలోచనలోనే ఆ విషం ఉందంటారా?

పటాలపెట్టె:
పూర్తిగా లేదని చెప్పలేం. 1963 వ్యవస్థలో భూమిని ప్రాంతానికి కట్టారు, ప్రాంతాన్ని జాతికి కట్టారు. అంటే రిఫ్ట్ వ్యాలీలోని నాకురులో పుట్టిన కికుయూ పిల్లవాడు తన ఊళ్లోనే పరాయివాడు కావచ్చు. హక్కుల అధ్యాయం వివక్ష వద్దంది. కానీ ఫలానా ప్రాంతంలో ఉన్న వేరే జాతివాడి భూమికి ఎవరు హామీ అన్నది తేల్చలేదు. ఆ ఖాళీలోకే 1991లో కత్తులు వచ్చాయి. అప్పుడు అధికారంలో ఉన్నది మోయి, అంటే ఒకప్పటి కాడూ ఛైర్మన్. అయితే ఆయన 1978లో అధ్యక్షుడైనప్పటినుంచి ఆ 13 ఏళ్లలో ఏ ప్రాంతానికీ ఒక్క అధికారం ఇవ్వలేదు. ఎన్నికల లెక్క కోసం మజింబో పేరు వాడారు, న్గాలా అడిగిన సభలు, నిధులు మాత్రం అడగలేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

లెక్కలచిట్టా:
2010 రాజ్యాంగం రాసినవాళ్లు 1964ని దగ్గర పెట్టుకునే రాశారని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఒక్కొక్కటీ పోల్చి చూడండి.

ప్రాంతాలు ఏడు కాదు, 47 కౌంటీలు. 1992 చట్టంలోని జిల్లాలే అవి. ఏ ఒక్క పెద్ద జాతీ మొత్తంగా ఒక ప్రాంతం కాలేదు. న్గాలా కోస్తా ప్రాంతం మొంబాసా, క్వాలె, కిలిఫి, టానా రివర్, లాము, టైటా టవేటాగా ఆరు కౌంటీలయింది. కిటాలె తగువు కూడా ఇలాగే చల్లబడింది, ట్రాన్స్ న్జోయియా ఎవరి కిందా లేకుండా సొంత కౌంటీ అయింది.

డబ్బు: జాతీయ ఆదాయంలో కనీసం 15 శాతం కౌంటీలకి ఇవ్వాలని 203వ అధికరణంలోనే అంకె రాశారు. వెనకబడ్డ ప్రాంతాలకి ఇంకో అర శాతం సమానీకరణ నిధి. 1963లో ఇలాంటి అంకె లేదు.

ఉద్యోగులు: ప్రతి కౌంటీకి సొంత పబ్లిక్ సర్వీస్ బోర్డు. 1963 అక్టోబరులో న్గాలా పోగొట్టుకున్నది ఇదే.

తాళం: వికేంద్రీకరణ నిర్మాణాన్ని మార్చాలంటే పార్లమెంటు ఓట్లు చాలవు, 255వ అధికరణం కింద ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. కనీసం సగం కౌంటీల్లో, ఒక్కోదానిలో కనీసం 20 శాతం ఓటర్లు పాల్గొనాలి. సభ్యుల్ని తిప్పుకుని పని కానిచ్చుకునే దారి మూసేశారు. 1964లో కేంద్రానికి ఆయుధమైన రెఫరెండం ఇప్పుడు కౌంటీలకి కాపలా.

పార్టీ ఫిరాయింపు: ఒక పార్టీ మీద గెలిచి మారితే సీటు పోతుంది.

ప్రశ్నల_పుట్ట:
అంతా బాగుంటే కౌంటీలు డబ్బు రాలేదని ప్రతి ఏడాదీ ఎందుకు గొడవ పెడుతున్నాయి?

లెక్కలచిట్టా:
15 శాతం దేని మీద లెక్కిస్తారో చూడండి. ఈ ఏడాది వసూలు మీద కాదు. నేషనల్ అసెంబ్లీ ఆమోదించిన, ఆడిట్ అయిన చివరి ఖాతాల మీద. అసెంబ్లీ ఆమోదం ఆలస్యమైతే కొన్నేళ్ల నాటి చిన్న అంకె మీద శాతం కడతారు. చట్టం తప్పినట్టు కాదు, కానీ వాటా కుంచించుకుపోతుంది. రెండోది, కేటాయింపు వేరు, విడుదల వేరు. ట్రెజరీ నెలనెలా విడుదల చేయాల్సింది ఆలస్యం చేస్తే కౌంటీ నర్సు జీతం ఆగుతుంది, కాంట్రాక్టర్ బిల్లు ఆగుతుంది, జనం మాత్రం గవర్నర్‌ని తిడతారు. న్గాలా సభకి 1963–64లో జరిగింది కూడా సరిగ్గా ఇదే.

గోదారిగట్టు:
ఒక చిన్న ప్రశ్న. ఆయన మరణం గురించి రకరకాలుగా రాస్తారు. తేలిన సంగతి ఏమిటి?

రాజ్యాంగదర్పణం:
1972 డిసెంబరు 12న, జమ్హూరీ (గణతంత్ర) దినోత్సవం నాడు, నైరోబీ–మొంబాసా రోడ్డు మీద కోంజా దగ్గర కారు ప్రమాదం జరిగింది. డిసెంబరు 25న ఆసుపత్రిలో చనిపోయారు. కారులోకి తేనెటీగలు రావడంతో అదుపు తప్పిందని డ్రైవర్ విచారణలో చెప్పాడు. అనుమానాలు అప్పటినుంచీ ఉన్నాయి, రుజువైనది ఏదీ లేదు. కాబట్టి ఇక్కడ ఊహాగానాలు వద్దు. కొడుకు కటానా న్గాలా తర్వాత కోస్తా నుంచే ఎంపీగా, మంత్రిగా చేశారు.

చరిత్రబాట:
అందరికీ ధన్యవాదాలు. ఇంకా తేలనిది ఒకటే. తీరపు భూముల విషయంలో 2010 రాజ్యాంగం కౌంటీకి ఏమిచ్చింది? న్గాలా మొదలుపెట్టింది అక్కణ్నుంచే కదా.

తీరరేఖ:
అనుకున్నంత ఇవ్వలేదు. పట్టాల పని, ప్రభుత్వ భూమి నిర్వహణ నేషనల్ లాండ్ కమిషన్, కేంద్ర మంత్రిత్వ శాఖల మధ్య ఉంది. కౌంటీకి ప్లానింగ్, స్థానిక పన్నులు ఉన్నాయి, కొత్తగా పట్టా ఇచ్చే అధికారం లేదు. సముదాయ భూముల చట్టం 2016లో వచ్చింది. కానీ తీరపట్టీలో చాలా నేల 1908 చట్టం కింద ఎప్పుడో ప్రైవేటు పట్టా అయిపోయింది, అక్కడ ఆ చట్టం పనిచేయదు. రైతుకి భూమి రావాలంటే పట్టాదారు నుంచి ప్రభుత్వం కొని సెటిల్‌మెంట్ స్కీముగా పంచాలి. ఆ కొనే డబ్బు నైరోబీ బడ్జెట్‌లో ఉంటుంది. కిలిఫి కౌంటీ అసెంబ్లీ తీర్మానం చేయగలదు, చెక్కు రాయలేదు.